గాలి నమూనాలలోని లేశమాత్ర హాలోజన్లను కేంద్రక పద్ధతులతో కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గాలిలోని క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్, ఫ్లోరిన్‌లను న్యూట్రాన్ యాక్టివేషన్ వంటి పద్ధతులతో కొలిపించుకోవాలనుకునే పరిశోధక విద్యార్థులు, పర్యావరణ ప్రయోగశాలల సిబ్బంది సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. నమూనాను న్యూట్రాన్లకు గురిచేసే రియాక్టరు గురించి అడిగేవారు ఎక్కువ, గాలిలోని కణాలను పట్టే ఫిల్టరు గురించి అడిగేవారు తక్కువ. కానీ ఈ కొలతల్లో తప్పొప్పులు చాలావరకు ఫిల్టరు దగ్గరే తేలిపోతాయి కాబట్టి సమాధానాలు కూడా అటువైపే మొగ్గి ఉంటాయి.

ప్రశ్న: గాలిలో ఇంత తక్కువగా ఉండే హాలోజన్లను కొలవవలసిన అవసరం ఏమిటి?

పరిమాణం తక్కువైనా ఇవి గాలిలో చేసే రసాయన క్రియలు పెద్దవి. ఒక క్లోరిన్ లేదా బ్రోమిన్ పరమాణువు ఓజోన్ అణువును విడగొట్టిన తరువాత తాను మళ్లీ విడుదలై ఇంకో అణువు మీదికి వెళుతుంది. ఈ చక్రం స్ట్రాటోస్ఫియరులో ఎలా నడుస్తుందో మొలీనా, రోలండ్‌లు 1974లో చెప్పారు. 1995లో క్రుట్జెన్‌తో కలిసి వారు నోబెల్ బహుమతి అందుకున్నారు. నేలకు దగ్గరగా కూడా ఇటువంటి చక్రాలే నడుస్తాయి. ధ్రువ ప్రాంతాలలో వసంతకాలపు తొలి సూర్యకాంతికి బ్రోమిన్ ఉపరితల ఓజోన్‌ను దాదాపు తుడిచిపెడుతుంది. సముద్ర తీరాలలో అయోడిన్ ఆక్సైడ్లు కొత్త సూక్ష్మకణాలకు బీజాలవుతాయి. మన దేశంలో చూస్తే, ఢిల్లీ శీతాకాలపు పొగమంచుకు కణాలలోని క్లోరైడు తోడవుతోందని ఐఐటీ మద్రాసు పరిశోధకుల నాయకత్వంలోని బృందం 2021లో చూపింది. చెత్తను, ప్లాస్టిక్‌ను తగలబెట్టడం వల్ల, పరిశ్రమల వల్ల వెలువడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాలిలోని అమ్మోనియాతో కలిసి కణాలలోకి చేరుతుంది, ఆ కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి.

ఇక రెండవ కారణం మూలాల గుర్తింపు. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 19.4 గ్రాముల క్లోరైడు, 67 మిల్లీగ్రాముల బ్రోమైడు, 60 మైక్రోగ్రాముల అయోడిన్ ఉంటాయి. గాలిలో పట్టిన కణాలలో ఈ నిష్పత్తులు ఎంత చెదిరాయో తెలిస్తే వాటి వెనుక ఉన్న కథ చాలావరకు తెలిసిపోతుంది.

ప్రశ్న: న్యూట్రాన్ యాక్టివేషన్ విశ్లేషణ అంటే ఏమిటి?

నమూనాను రియాక్టరులో న్యూట్రాన్ల మధ్య కొద్దిసేపు ఉంచితే, అందులోని కొన్ని కేంద్రకాలు ఒక్కో న్యూట్రాన్‌ను పట్టుకుని రేడియోధార్మిక ఐసోటోపులుగా మారతాయి. అవి క్షయించేటప్పుడు తమవే అయిన శక్తులలో గామా కిరణాలను వెలువరిస్తాయి. కిరణం శక్తిని బట్టి అది ఏ మూలకమో, కిరణాల సంఖ్యను బట్టి అది ఎంత ఉందో తేలుతుంది. అదే సమయంలో, అదే చోట, పరిమాణం తెలిసిన ప్రామాణిక నమూనాను కూడా న్యూట్రాన్లకు గురిచేసి రెండింటినీ పోల్చడం వాడుకలో ఉన్న పద్ధతి. కోపెన్‌హేగన్‌లో హెవెశీ, హిల్డె లెవీలు 1936లో దీనికి పునాది వేశారు. వారి చేతిలో ఉన్నది రియాక్టరు కాదు, రేడియం–బెరీలియం మిశ్రమపు చిన్న న్యూట్రాన్ మూలం; కొలిచినదీ హాలోజన్ కాదు, డిస్ప్రోసియం అనే అరుదైన మూలకం.

ప్రశ్న: ఏ హాలోజన్‌ను ఏ ఐసోటోపు ద్వారా కొలుస్తారు?

క్లోరిన్‌కు క్లోరిన్-38. ప్రకృతిలోని క్లోరిన్‌లో నాలుగో వంతుకు కాస్త తక్కువగా ఉండే క్లోరిన్-37 నుంచి ఇది పుడుతుంది. అర్ధాయువు, అంటే అందులో సగం క్షయించడానికి పట్టే కాలం, 37 నిమిషాలు; గామా రేఖలు, అంటే దాని కిరణాల ప్రత్యేక శక్తులు, 1642, 2168 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద కనిపిస్తాయి (విడిగా చెప్పకపోతే కింది రేఖల సంఖ్యలన్నీ ఈ కొలమానంలోనే). రెండు రేఖల నుంచి వచ్చే ఫలితాలు ఒకదానితో ఒకటి సరిపోలాలి. సరిపోలకపోతే మధ్యలో ఇంకేదో మూలకం దూరిందని అర్థం.

అయోడిన్‌కు ప్రకృతిలో ఉన్నది అయోడిన్-127 ఒక్కటే. అది అయోడిన్-128గా మారుతుంది. అర్ధాయువు 25 నిమిషాలు, ప్రధాన రేఖ 443 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ రేఖ ప్రతి క్షయంలోనూ రాదు. ఎనిమిదింట ఒకసారి మాత్రమే వస్తుంది. అయోడిన్ కొలత కష్టం కావడానికి అదొక కారణం.

బ్రోమిన్ విషయంలో మనకు రెండు అవకాశాలున్నాయి. 17.7 నిమిషాల అర్ధాయువు గల బ్రోమిన్-80ని 616 వద్ద వెంటనే చూడవచ్చు. లేదా ఎక్కువసేపు న్యూట్రాన్లకు గురిచేసి, 35 గంటల అర్ధాయువు గల బ్రోమిన్-82ను రెండు, మూడు రోజులు ఆగి 554, 776 వద్ద చూడవచ్చు. సోడియం-24 అర్ధాయువు 15 గంటలు కాబట్టి ఆ రోజుల్లో ఉప్పు సంకేతం బాగా తగ్గి బ్రోమిన్ రేఖలు శుభ్రంగా పైకి తేలతాయి. తీర ప్రాంతపు నమూనాలకు రెండవ దారే మేలు. అయితే 554 రేఖ పక్కనే 559 వద్ద ఆర్సెనిక్-76 ఉంటుంది కాబట్టి కలుషిత నగరాల ధూళిలో 776 రేఖనే నమ్మడం మంచిది.

ప్రశ్న: ఫ్లోరిన్ ఊసు ఎందుకు లేదు?

న్యూట్రాన్‌ను పట్టుకునే గుణం ఫ్లోరిన్‌కు చాలా తక్కువ. అయోడిన్‌తో పోలిస్తే ఆరు వందల్లో ఒక వంతు. పుట్టిన ఫ్లోరిన్-20 అర్ధాయువు 11 సెకన్లే. రియాక్టరు నుంచి డిటెక్టరు దాకా నమూనా వచ్చేసరికే సగం పోతుంది. దాని 1634 రేఖ క్లోరిన్-38 వారి 1642కు పక్కింట్లోనే ఉంటుంది. అన్నిటికీ మించి, వేగవంతమైన న్యూట్రాన్లు సోడియాన్ని తాకినప్పుడు కూడా అదే ఫ్లోరిన్-20 పుడుతుంది. ఉప్పు గాలి నమూనాలో కనిపించిన ఫ్లోరిన్ నిజంగా ఫ్లోరినేనా, సోడియం వేసిన వేషమా అని విడదీయడం కష్టం.

అందుకని ఫ్లోరిన్‌కు వేరే కేంద్రక పద్ధతి వాడతారు. యాక్సిలరేటరు నుంచి వచ్చే ప్రోటాన్లను నమూనా మీదికి పంపితే ఫ్లోరిన్-19 కేంద్రకం అక్కడికక్కడే 110, 197 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలను, ఇంకో చర్య ద్వారా 6 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన కిరణాలను ఇస్తుంది. దీన్ని పిగే (ప్రోటాన్లతో గామా కిరణాలు పుట్టించి కొలిచే పద్ధతి) అంటారు. నల్గొండ ఫ్లోరైడు సమస్యకు ఇది పనికొస్తుందా అని అడిగేవారున్నారు. అది భూగర్భ జలాల సమస్య, అక్కడి గాఢతలు లీటరుకు మిల్లీగ్రాములలో ఉంటాయి; అందుకు అయాన్ ఎలక్ట్రోడు చాలు, యాక్సిలరేటరు అక్కర్లేదు.

ప్రశ్న: ఎంత తక్కువ పరిమాణాన్ని కొలవగలం? ఒక లెక్కతో చెప్పగలరా?

ఊహాత్మకంగా 5 నానోగ్రాముల అయోడిన్ తీసుకుందాం. అందులో సుమారు 24 లక్షల కోట్ల పరమాణువులు ఉంటాయి. సెకనుకు చదరపు సెంటీమీటరు గుండా 10 లక్షల కోట్ల న్యూట్రాన్లు పోయే చోట 5 నిమిషాలు ఉంచితే, వాటిలో దాదాపు నాలుగున్నర లక్షల పరమాణువులు అయోడిన్-128గా మారతాయి. బయటికి తీసేసరికి క్రియాశీలత సెకనుకు 190 క్షయాలు. పది నిమిషాలు ఆగితే 144కు తగ్గుతుంది. ఆపై పది నిమిషాలు లెక్కిస్తే ఆ వ్యవధిలో మొత్తం 75 వేల క్షయాలు జరుగుతాయి. వాటిలో ఎనిమిదో వంతులోనే 443 రేఖ వస్తుంది. డిటెక్టరు ఆ కిరణాల్లో 3 శాతాన్ని పూర్తి శక్తితో పట్టుకుంటుందనుకుంటే చివరికి మిగిలేది సుమారు 300 లెక్కలు.

కింద నేపథ్యం లేకపోతే 300 లెక్కలు హాయిగా సరిపోతాయి. కానీ అదే నమూనాలోని సోడియం, క్లోరిన్, అల్యూమినియం, మాంగనీసుల కిరణాలు డిటెక్టరులో చెల్లాచెదురై 443 చుట్టుపక్కల వేల లెక్కల మేట వేస్తాయి. ఆ మేట మీద 300ను గుర్తుపట్టడమే అసలు పని. కాబట్టి గుర్తింపు పరిమితి అనేది అయోడిన్‌కు ఉన్న స్థిరమైన సంఖ్య కాదు, నమూనా నమూనాకూ మారుతుంది. ఏదో పుస్తకంలోని పట్టికలో చూసిన పరిమితిని మీ ఫిల్టరుకు అంటగట్టవద్దు.

సముద్రపు గాలిలో కణరూప అయోడిన్ సాధారణంగా ఘనపు మీటరుకు కొన్ని నానోగ్రాములు ఉంటుంది. హై వాల్యూమ్ శాంప్లరు నిమిషానికి 1.13 ఘనపు మీటర్ల చొప్పున ఒక రోజులో 1600 ఘనపు మీటర్లకు పైగా గాలిని లాగుతుంది కాబట్టి, ఫిల్టరులో పదో వంతు ముక్క కత్తిరించి పంపినా అందులో వంద నానోగ్రాములకు పైనే ఉంటుంది.

ప్రశ్న: అయాన్ క్రోమటోగ్రఫీ, ఐసీపీ మాస్ స్పెక్ట్రోమెట్రీ ఉండగా రియాక్టరు దాకా వెళ్లడం ఎందుకు?

చాలా పనులకు వెళ్లనక్కర్లేదు. నీటిలో కరిగే క్లోరైడు మాత్రమే కావాలంటే, కరిగిన అయాన్లను విడదీసి కొలిచే అయాన్ క్రోమటోగ్రఫీ చవక, త్వరగా అవుతుంది. రియాక్టరుకు వెళ్లవలసిన సందర్భాలు వేరు.

న్యూట్రాన్ కేంద్రకాన్ని చూస్తుంది. ఆ పరమాణువు లవణంలో ఉందా, సేంద్రియ అణువులో ఉందా, నీటిలో కరగని మసి మధ్య ఇరుక్కుందా అనేది దానికి పట్టదు. మొత్తం మూలకం ఎంతో చెప్పేస్తుంది. దీపావళి టపాకాయల పొగనే తీసుకోండి. అందులోని క్లోరిన్ కొంత క్లోరైడుగా, కొంత పెర్క్లోరేటుగా ఉంటుంది. క్రోమటోగ్రామ్‌లోని క్లోరైడు శిఖరం రెండోదాన్ని లెక్కించదు, న్యూట్రాన్ లెక్కిస్తుంది. రెండు ఫలితాల తేడాయే ఒక్కోసారి విలువైన సమాచారం.

పైగా ఇక్కడ నమూనాను కరిగించే పని లేదు. పరమాణువులను వేడి ప్లాస్మాలో అయాన్లుగా మార్చి ద్రవ్యరాశిని బట్టి లెక్కించే ఐసీపీకి పంపాలంటే ముందు ఆమ్లంలో కరిగించాలి. ఆమ్లంలో వేడిచేస్తే బ్రోమిన్, అయోడిన్‌లు ఆవిరైపోయే ప్రమాదం ఉంది, క్షార మార్గాలు పట్టవలసి వస్తుంది. కరిగించేందుకు వాడే రసాయనాలలోని మలినాలు కూడా నమూనాకు అంటుకుంటాయి. యాక్టివేషన్ పూర్తయ్యాక బయటి క్లోరిన్ ఎంత అంటుకున్నా నష్టం లేదు, అది రేడియోధార్మికం కాదు కదా. ఈ ఒక్క గుణం కోసమే ఈ పద్ధతిని ఇతర పద్ధతుల ఫలితాలను సరిచూసే గీటురాయిగా వాడతారు.

లోపమూ ఇక్కడే ఉంది. రూపం చెప్పలేని పద్ధతితో రసాయన చర్యను అర్థం చేసుకోలేము. గాలిలో అయోడిన్ మోనాక్సైడు ఎంత ఉందో కాంతి శోషణ పరికరాలు సూటిగా చెప్పగలవు, న్యూట్రాన్లు చెప్పలేవు. రూపాల వారీగా కావాలంటే నమూనా సేకరించేటప్పుడే వాటిని విడదీసి పట్టుకోవాలి.

ప్రశ్న: అలా విడదీసి పట్టుకోవడం ఎలా?

వరుసగా మూడు అంచెలు పెడతారు. మొదటి ఫిల్టరు కణాలను ఆపుతుంది. దాని వెనుక క్షారంలో తడిపి ఆరబెట్టిన ఫిల్టరు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వంటి ఆమ్ల వాయువులను పట్టుకుంటుంది. చివర ఉత్తేజిత బొగ్గు మిథైల్ అయోడైడు వంటి సేంద్రియ హాలోజన్ వాయువులను పీల్చుకుంటుంది. 1970లలో అమెరికా పరిశోధకులు ఈ అమరికతోనే ట్రోపోస్ఫియరులోని అకర్బన, సేంద్రియ హాలోజన్ వాయువులను వేరుచేసి కొలిచారు.

రెండవ అంచెకు ఏ క్షారం వాడాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఫలితం దాని మీదే నిలుస్తుంది. సోడియం కార్బొనేటు రసాయనికంగా బాగానే పనిచేస్తుంది. తీరా రియాక్టరులో పెట్టాక ఆ సోడియమంతా సోడియం-24గా మారి మిగతా రేఖలను ముంచేస్తుంది. అందుకే లిథియం హైడ్రాక్సైడు వాడారు. లిథియం ఇచ్చే లిథియం-8 ఒక సెకను లోపే సగమై మాయమవుతుంది. కాకపోతే లిథియం-6 న్యూట్రాన్లను గట్టిగా మింగి ట్రిటియంగా మారుతుంది కాబట్టి పూత పలుచగా ఉండాలి, ప్రామాణిక నమూనాలకు కూడా అదే పూత ఉండాలి.

మూడు అంచెలూ మూడు రూపాలను కచ్చితంగా విడగొడతాయని అనుకోవద్దు. మొదటి ఫిల్టరు మీద పడ్డ ఉప్పును గాలిలోని నైట్రిక్ ఆమ్లం తాకితే క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా లేచి రెండవ అంచెకు చేరుతుంది. అమ్మోనియం క్లోరైడు ఎండ వేడికి విడిపోయి అదే దారి పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ వంటి చోట మధ్యాహ్నం పట్టిన నమూనాలో కణరూప క్లోరిన్ తక్కువగా ఉందంటే, అది గాలిలోనే తక్కువా, ఫిల్టరు మీది నుంచి పోయిందా అని అనుమానించవలసిందే. మూడు అంచెలనూ కలిపిన మొత్తం విలువ మీద భరోసా పెట్టుకోవచ్చు, విభజన మీద కొంచెం తగ్గించి.

ప్రశ్న: ఏ ఫిల్టరు వాడాలి?

గాజు నార ఫిల్టరు వద్దు. అందులోని సోడియం, ఇతర మూలకాలు నమూనాను మించిపోతాయి. సెల్యులోజ్ ఫిల్టర్లు, ముఖ్యంగా వాట్‌మన్ 41, దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. వీటిలోనూ క్లోరిన్ కొంత ఉంటుంది, పెట్టెకూ పెట్టెకూ మారుతుంది. పాలీకార్బొనేటు పొరల్లో బ్రోమిన్ ఉండే అవకాశం ఉంది కాబట్టి ముందే పరీక్షించాలి. టెఫ్లాన్ శుభ్రమైనదే, అయితే అది ఫ్లోరిన్‌తోనే తయారైన పదార్థం, పైగా ఎక్కువసేపు రేడియేషన్‌లో ఉంటే పెళుసుబారుతుంది. పీవీసీ సంచులు, గొట్టాలు, పెట్టెలు అసలు దగ్గరికి రానీయకూడదు.

ఫిల్టరు కంటే ముఖ్యం ఖాళీ ఫిల్టరు, అంటే బ్లాంకు. గాలి లాగకుండా, మిగతా అన్ని పనులూ అలాగే చేసి తెచ్చిన ఫిల్టరది. దీన్ని పెట్టె నుంచి తీసి నేరుగా కవరులో పెట్టి పంపితే ప్రయోజనం లేదు. క్షేత్రానికి తీసుకెళ్లి, శాంప్లరులో బిగించి, విప్పి, మడిచి, తిరిగి తేవాలి. ఎందుకంటే అసలు కలుషితం అక్కడే జరుగుతుంది. చేతి చెమట అంటే ఉప్పు. వేలి గాయానికి రాసిన పోవిడోన్ అయోడిన్ మరక ఒక్కటి చాలు, ఆ బ్యాచి అయోడిన్ ఫలితాలన్నీ పనికిరాకుండా పోతాయి. నేలను బ్లీచింగ్ పౌడరుతో కడిగిన గదిలో ఫిల్టర్లు ఆరబెట్టకూడదు. పక్క బల్ల మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మూత తీసి ఉన్నప్పుడు క్షార ఫిల్టరును విప్పితే అది ఊరి గాలిని కాదు, ఆ గది గాలిని కొలుస్తుంది. విశాఖ వంటి సముద్రతీర నగరాలలో గదిలోకి వచ్చే గాలే ఉప్పు గాలి కాబట్టి ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

పాలిథిన్ కవరులో మూసి, వెలుతురు తగలకుండా, ఫ్రీజరులో దాచడం మంచిది. అయోడిన్ నిలకడలేనిది, బల్ల సొరుగులో నెలల తరబడి పడివున్న ఫిల్టరులో అది ఎంత మిగిలిందో చెప్పలేము.

ప్రశ్న: రియాక్టరు దగ్గర నమూనాకు ఏం జరుగుతుంది?

కత్తిరించిన ముక్కను శుభ్రమైన పాలిథిలీన్ గొట్టంలో పెట్టి వేడితో మూతి అతికిస్తారు. ఆ గొట్టాన్ని రాబిట్ అని పిలిచే డబ్బాలో పెట్టి, గాలి ఒత్తిడితో గొట్టపు దారి గుండా రియాక్టరు గర్భం దగ్గరికి పంపుతారు. ఒకటి నుంచి ఐదు నిమిషాలు అక్కడ ఉన్నాక అదే దారిలో వెనక్కు వస్తుంది. అప్పటి నుంచి గడియారంతో పరుగే.

మొదటి పది నిమిషాలు కావాలనే ఆగుతారు. మట్టి ధూళిలోని అల్యూమినియం-28 అర్ధాయువు రెండుంబావు నిమిషాలే కాబట్టి ఆ పది నిమిషాల్లో అది ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. క్లోరిన్-38 తగ్గేది ఆరో వంతే, అయోడిన్-128 తగ్గేది నాలుగో వంతు. తరువాత ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన జెర్మేనియం డిటెక్టరు ముందు పెట్టి పది, పదిహేను నిమిషాలు లెక్కిస్తారు. గొట్టంలో మిగిలిన గాలిలో ఆర్గాన్ దాదాపు ఒక శాతం ఉంటుంది; అది ఆర్గాన్-41గా మారి 1294 వద్ద పెద్ద శిఖరం వేస్తుంది. అందుకే కొందరు గొట్టాన్ని ముందే నైట్రోజన్‌తో నింపుతారు.

ప్రశ్న: హాలోజన్లు ఆవిరయ్యే స్వభావం గలవి కదా, రియాక్టరు వేడికి ఎగిరిపోవా?

ఈ ప్రశ్న అడిగినవారికి విషయం తెలుసని అర్థం. వేడి ఒక కారణం. అంతకంటే లోతైన కారణం ఇంకొకటి ఉంది. న్యూట్రాన్‌ను పట్టుకున్న కేంద్రకం గామా కిరణాన్ని వెదజల్లుతూ తానూ వెనక్కు తన్నుకుంటుంది. ఆ తన్ను రసాయన బంధాన్ని తెంచడానికి సరిపోతుంది. 1934లో సిలార్డ్, చామర్స్‌లు ఇథైల్ అయోడైడుతో దీన్నే చూపారు: యాక్టివేట్ అయిన అయోడిన్ సేంద్రియ అణువు నుంచి ఊడిపోయి, నీటితో కడిగితే విడిగా దొరికింది. అంటే మనం లెక్కించబోయే పరమాణువులే, మిగతావాటి కంటే ఎక్కువగా, ఉన్న చోటు వదిలి గొట్టం గోడలకు అంటుకునే అవకాశం ఉంది.

అందువల్ల న్యూట్రాన్లకు గురైన గొట్టాన్ని విప్పకుండా అలాగే లెక్కించాలి. ముక్కను వేరే గొట్టంలోకి మార్చి లెక్కించే పద్ధతి లోహాలకు మంచిదే, హాలోజన్లకు కాదు. మార్చక తప్పకపోతే పాత గొట్టాన్ని కూడా లెక్కించి ఎంత మిగిలిపోయిందో చూడాలి. అలాగే లెక్కిస్తే గొట్టపు పాలిథిలీన్‌లోని క్లోరిన్ కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి ఖాళీ గొట్టపు విలువను తీసివేయాలి. ఒక చిక్కు తప్పించుకుంటే ఇంకొకటి ఎదురవడం ఇక్కడ మామూలే.

ప్రశ్న: సోడియం, క్లోరిన్‌ల రద్దీలో అయోడిన్‌ను ఎలా వేరుచేస్తారు?

కాడ్మియం లేదా బోరాన్ తొడుగు వాడతారు. కాడ్మియం అర ఎలక్ట్రాన్ వోల్టు లోపు శక్తి గల మంద న్యూట్రాన్లను మింగేసి, వేగం కాస్త ఎక్కువున్నవాటిని మాత్రమే లోపలికి పోనిస్తుంది. సోడియం, క్లోరిన్, అల్యూమినియంలు ప్రధానంగా మంద న్యూట్రాన్ల మీదే ఆధారపడతాయి. అయోడిన్, బ్రోమిన్‌లకు ఆ పై శక్తులలో అనునాద శిఖరాలున్నాయి, అంటే కొన్ని ప్రత్యేక శక్తుల వద్ద అవి న్యూట్రాన్లను గట్టిగా పట్టుకుంటాయి. తొడుగు వేస్తే అయోడిన్ సంకేతం కూడా తగ్గుతుంది, కానీ నేపథ్యం అంతకంటే చాలా ఎక్కువగా తగ్గుతుంది. తీర ప్రాంతపు ఫిల్టర్లకు ఇది తప్పనిసరి అనే నా అభిప్రాయం. ఒకే నమూనాను తొడుగు లేకుండా క్లోరిన్‌కు, తొడుగుతో అయోడిన్‌కు రెండుసార్లు పంపడం వల్ల ఖర్చు పెరుగుతుంది, ఫలితం నిలబడుతుంది.

జెర్మేనియం డిటెక్టర్లు రాకముందు ఈ వెసులుబాటు లేదు. న్యూట్రాన్లకు గురిచేశాక నమూనాను కరిగించి, హాలోజన్లను ఒక్కొక్కటిగా రసాయనికంగా వేరుచేసి, అయోడిన్-128 సగానికి సగం క్షయించిపోతున్న ఆ ఇరవై ఐదు నిమిషాల్లోనే పని ముగించేవారు.

ప్రశ్న: ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్, పిక్సీలతో ఈ పని జరగదా?

క్లోరిన్, బ్రోమిన్‌లకు జరుగుతుంది, నమూనాలు వందల్లో ఉంటే అదే తెలివైన దారి. రెండూ నమూనా నుంచి వెలువడే ఎక్స్‌రేలను కొలిచే పద్ధతులే. అయితే పిక్సీలో నమూనాను శూన్యంలో పెట్టి ప్రోటాన్ పుంజంతో కొడతారు. అమ్మోనియం క్లోరైడు లాంటివి ఆ శూన్యంలోనే లేచిపోతాయి. అయోడిన్ నానోగ్రాములలో ఉంటే ఈ రెండూ చాలవు.

ప్రశ్న: ఈ పద్ధతి వల్ల వాతావరణ శాస్త్రానికి కొత్తగా తెలిసింది ఏమైనా ఉందా?

ఉంది, చాలానే. 1965లో డూస్, వించెస్టర్, వాన్ నాల్‌లు హవాయి సముద్రపు గాలిలోని అయోడిన్, బ్రోమిన్, క్లోరిన్‌లను యాక్టివేషన్ పద్ధతితో కొలిచి ప్రచురించారు. సముద్రపు నీటి నిష్పత్తితో పోలిస్తే కణాలలో అయోడిన్ వందల రెట్లు ఎక్కువగా ఉండటం, సముద్రపు తుంపర ఎండి ఉప్పు కణం కావడం ఒక్కటే ఇక్కడ జరగడం లేదని చెప్పింది. అయోడిన్ వాయువుగా లేచి మళ్లీ కణాలకు అంటుకుంటోందన్నమాట. మరుసటి ఏడాది వారే అలాస్కాలోని బారో వద్ద శీతాకాలపు గాలిని, మంచును కొలిచారు. ఆర్కిటిక్ గాలిలోని బ్రోమిన్ మీద ఆ తరువాత కొలతలు కొనసాగాయి. 1988లో కెనడాలోని అలర్ట్ కేంద్రం ఫలితాలు, ఫిల్టరు మీది బ్రోమిన్ పెరిగిన రోజుల్లోనే ఉపరితల ఓజోన్ పడిపోతోందని చూపాయి. స్ట్రాటోస్ఫియరు దిగువ భాగంలోని మొత్తం క్లోరిన్, బ్రోమిన్‌లను బొగ్గు మీద పట్టి కొలిచిన తొలి ఫలితాలు 1980లో వచ్చాయి. ఆ రచయితల్లో క్రుట్జెన్ ఒకరు.

నగరాల విషయానికొస్తే సీసం పెట్రోలు కథ ఉంది. పెట్రోలులో సీసంతో పాటు అది ఇంజనులో పేరుకోకుండా బ్రోమిన్, క్లోరిన్ సమ్మేళనాలు కలిపేవారు. పొగ గొట్టం నుంచి సీసం బ్రోమోక్లోరైడు కణాలు వచ్చేవి. సీసాన్ని న్యూట్రాన్ యాక్టివేషన్‌తో కొలవడం దాదాపు అసాధ్యం కాబట్టి, ఆ రోజుల్లో బ్రోమినే వాహనాల పొగకు ఆనవాలు అయింది. కణాలు పాతబడే కొద్దీ బ్రోమిన్ వాయువుగా జారిపోతుంది కనుక ఆ ఆనవాలును జాగ్రత్తగా చదవవలసి వచ్చేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం పెట్రోలు ఆగిపోయింది. ఆ తరువాతి నమూనాలలో బ్రోమిన్ కనిపిస్తే వాహనాలకు అంటగట్టడం సరికాదు. సముద్రం, చెత్త మంటలు, మంటలను నిరోధించే బ్రోమిన్ రసాయనాలున్న ప్లాస్టిక్‌ల దహనం వంటివి చూడాలి.

ప్రశ్న: అణు ప్రమాదాల తరువాత గాలిలో కొలిచే అయోడిన్ కూడా ఇదేనా?

కాదు. 1986లో చెర్నోబిల్, 2011లో ఫుకుషిమా తరువాత కొలిచింది అయోడిన్-131; అది తనంతట తానే 364 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాన్ని ఇస్తుంది కాబట్టి బొగ్గు పెట్టెను డిటెక్టరు ముందు పెడితే చాలు, రియాక్టరుకు పంపనక్కర్లేదు. దాని అర్ధాయువు 8 రోజులు. కోటీ యాభై ఏడు లక్షల సంవత్సరాల అర్ధాయువు గల అయోడిన్-129 ఇంకో సంగతి. ఫ్రాన్స్‌లోని లా హేగ్, ఇంగ్లండ్‌లోని సెల్లాఫీల్డ్ ఇంధన పునఃశుద్ధి కేంద్రాల నుంచి వచ్చిన అయోడిన్-129 యూరప్ గాలిలో, వానలో కనిపిస్తుంది. దాన్ని మళ్లీ న్యూట్రాన్లతో 12 గంటల అర్ధాయువు గల అయోడిన్-130గా మార్చి కొలిచేవారు. ఇప్పుడు ఎక్కువగా యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీ వాడుతున్నారు.

ప్రశ్న: భారతదేశంలో ఈ సౌకర్యాలు ఎక్కడ ఉన్నాయి?

ముంబయిలోని ట్రాంబేలో ఉన్న బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) దీనికి కేంద్రం. 1956లో మొదలైన అప్సర, 1960 నుంచి 2010 దాకా నడిచిన సైరస్ రియాక్టర్ల తరువాత ఇప్పుడు ధ్రువ, 2018లో కొత్తగా నిర్మించి ప్రారంభించిన అప్సర-యు ఉన్నాయి. కల్పాక్కంలోని కామిని 30 కిలోవాట్ల చిన్న రియాక్టరు, యురేనియం-233తో నడుస్తుంది. తక్కువ అర్ధాయువుల పనికి అక్కడ కూడా త్వరిత రవాణా గొట్టం ఉంది. హైదరాబాదులో ఈసీఐఎల్ వద్ద బార్క్ వారి పదార్థ సంఘటన నిర్ధారణ జాతీయ కేంద్రం ఉంది. అక్కడ రియాక్టరు లేదు, యాక్సిలరేటరు ఉంది కాబట్టి పిక్సీ, పిగే పనులు జరుగుతాయి. విశ్వవిద్యాలయాల వారికి యూజీసీ-డీఏఈ కన్సార్టియం ద్వారా దారి ఉంటుంది. కొరియరులో ఫిల్టరు పంపేసి ఫలితం కోసం ఎదురుచూసే వ్యవహారం కాదిది; అయోడిన్ కోసమైతే మీరు అక్కడే ఉండాలి.

ప్రశ్న: నమూనా తరువాత తిరిగి ఇస్తారా? ప్రమాదమా?

కొద్దిరోజుల్లో క్రియాశీలత చాలావరకు తగ్గిపోతుంది, కానీ జింకు, కోబాల్టు వంటివి నెలల తరబడి, ఏళ్ల తరబడి మిగులుతాయి. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం నమూనా ప్రయోగశాలలోనే ఉంటుంది. అందుకే ఫిల్టరు మొత్తాన్ని పంపవద్దు, ఇతర పరీక్షలకు సగమైనా అట్టిపెట్టుకోండి.

ప్రశ్న: ఫలితాలు చేతికి వచ్చాక ఎలా చదవాలి?

సోడియంతో మొదలుపెట్టండి. అదే నమూనాలో సోడియం-24 కూడా కొలిచి ఉంటారు కాబట్టి విడిగా అడగక్కర్లేదు. ఊహాత్మకంగా ఘనపు మీటరుకు 2 మైక్రోగ్రాముల సోడియం వచ్చిందనుకుందాం. అదంతా సముద్రపు ఉప్పే అయితే క్లోరిన్ 3.6 మైక్రోగ్రాములు, బ్రోమిన్ 12.5 నానోగ్రాములు, అయోడిన్ 0.011 నానోగ్రాములు ఉండాలి. వచ్చినవి వరుసగా 2.7 మైక్రోగ్రాములు, 8 నానోగ్రాములు, 2 నానోగ్రాములు అనుకోండి. క్లోరిన్‌లో నాలుగో వంతు, బ్రోమిన్‌లో మూడో వంతుకు పైగా వాయువుగా పోయాయి, అయోడిన్ 180 రెట్లు చేరింది. తీరానికి దూరంగా అయితే సోడియంలో మట్టి వాటా ఉంటుంది. అదే నమూనాలోని అల్యూమినియాన్ని ఆధారం చేసుకుని ఆ వాటాను ముందు తీసివేయాలి. లేకపోతే లేని క్లోరిన్ నష్టాన్ని ఉన్నట్టు చూపిస్తారు.

నివేదికలో ఒక్కో మూలకానికి ఒక్క సంఖ్య మాత్రమే ఉంటే తీసుకోవద్దు. బ్లాంకు విలువ, బ్లాంకుల మధ్య తేడా, ఆ నమూనాకే లెక్కించిన గుర్తింపు పరిమితి, క్లోరిన్ రెండు రేఖల ఫలితాలు విడివిడిగా, ప్రామాణిక ధూళి నమూనా మీద అదే రోజు వచ్చిన ఫలితం కూడా అడగండి. బ్లాంకు విలువ నమూనా విలువలో సగానికి మించి ఉంటే ఆ ఫలితాన్ని సంఖ్యగా కాక, ‘ఇంతకు మించి లేదు’ అని మాత్రమే రాయండి.